నూటికి నూరు మందీ చూశారు

చిననాగవరం పురపాలక సంఘ పరిధిలోని వృద్ధులు సమాచారం లేక అలమటిస్తున్నారన్న విషయం గత జూన్ నెలలో మాకు మొదటిసారి తెలిసింది. అంతవరకు మాకు ఆ స్పృహ లేదు. ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు పురపాలక పఠన మందిరంలో నలభై ఒక్క మందిమి చేరి, రెండు జిల్లాల దినపత్రికలు చదువుకుని, చదవలేని వారికి వినిపించి, పదిన్నరకు ఎవరి ఇళ్లకు వాళ్లం వెళ్లేవాళ్లం. ఈ స్థితిని సమాచార దారిద్ర్యం అంటారని మాలో ఎవరికీ తట్టలేదు. నేను ముప్ఫై మూడేళ్లు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించాను. నాకూ తట్టలేదు.

మందిరానికి రెండు జిల్లాల పత్రికలు రావడానికి కారణం ఉంది. జిల్లాలను విడదీసినప్పుడు మా ఊరి కాలువ సరిహద్దు అయింది. ఇవతల ఉన్న మేము ఒక జిల్లా, కాలువకు అవతల తొమ్మిది మైళ్ల దూరంలోని కారుమూడి మరొక జిల్లా. మా వియ్యాలూ, నేత బేరాలూ, పెద్దాసుపత్రీ అవతలి ఒడ్డునే ఉండిపోయాయి. అక్కడి కబురు తెలియాలంటే అక్కడి సంచికే రావాలి. అది మా బజారులో దొరకదు. పఠన మందిరానికి మాత్రం చందా మీద వచ్చేది.

చదివి వినిపించేది ఏసుదాసు. రైల్వే గేటు దగ్గర ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి విరమించాడు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతాడు. గూడ్సు బండి పోతున్నా గేటు అవతలి మనిషికి వినబడేట్టు మాట్లాడడం అతని ఉద్యోగంలో భాగం కాబట్టి, మాకు ఏనాడూ మైకు అవసరం కలగలేదు. చదవడానికి ఒక క్రమం ఉండేది. ముందు మరణవార్తలు, తరవాత కరెంటు కోతలు, ఆ తరవాత కుళాయి నీళ్ల వేళలు, ఓపిక మిగిలితే దేశ రాజకీయాలు. పేజీ పూర్తయ్యే వరకు ఎవరూ వ్యాఖ్యానించరాదు. ఇంతకంటె పెద్ద సభలలో కూడా అమలుకాని ఈ నియమం మా దగ్గర ఏనాడూ తప్పలేదు.

మరణవార్తలు ముందు రావడం చంద్రకాంతమ్మ కోసం. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కూర్చుని జరీ అంచులు నేసింది. తరవాత నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. భర్త లేడు, పిల్లలు లేరు. లోకంలో ఆమెకు మిగిలినది కారుమూడిలో ఉన్న అక్క నాగేంద్రమ్మ ఒక్కతే. ఏడేళ్ల క్రితం ఆ అక్క మనవరాలు ఇంట్లో ఒప్పుకోని పెళ్లి చేసుకుంటే, చంద్రకాంతమ్మ ఆ జంటను వారం రోజులు తన ఇంట్లో ఉంచుకుంది. అప్పటి నుంచి అక్క కొడుకులు ఈమె ఫోను ఎత్తరు, గడప తొక్కనివ్వరు. అక్క మంచం పట్టిందని మాత్రం ఎవరో నూలు వర్తకుడు చెప్పి వెళ్లాడు.

“అది పోయినా నాకు చెప్పరు వాళ్లు,” అని ఆమె ఏసుదాసుతో చెప్పి పెట్టుకుంది. “పేపర్లో అయితే వేపిస్తారు, ఊళ్లో పరువు గావాల గదా. అది నువ్వు చదివితే చాలన్నా. బస్సెక్కి పోతా. తీసకపొయ్యేలోపల ఒక్కసారి దాని మొకం తడుముకుంటే నాకింకేం వొద్దు.”

అందుచేత అతడు రోజూ కారుమూడి సంచికలోని పేర్లు ముందుగా చదివి, “మనోళ్లు లేరమ్మా” అని చెప్పి, ఆ తరవాతే మిగిలిన ప్రపంచంలోకి అడుగు పెట్టేవాడు.

ఇటువంటి అంధకారంలో ఉన్న మమ్మల్ని ఉద్ధరించడానికి జూన్ మూడవ తేదీన పురపాలక కమిషనర్ పరాంకుశరావు గారు స్వయంగా విచ్చేశారు. వెంట సమాచార సమన్వయాధికారిణి విభావరి, నలుగురు సిబ్బంది, ఇద్దరు ఛాయాగ్రాహకులు. మేము పత్రికలు మడిచి పక్కన పెట్టాము. ఛాయాచిత్రంలో అవి కనిపించకూడదని విభావరి వాటిని బల్ల కిందికి నెట్టింది.

“వయోధికులు సమాచార ప్రధాన స్రవంతికి దూరముగా ఉండుట నాగరిక సమాజమునకు తగదు,” అన్నారు కమిషనర్ గారు. ఆయన మాట్లాడుతున్నప్పుడు కూడా సంతకం పెట్టదగిన వాక్యాలే వస్తాయి. “కావున ‘సంధ్యాసంధానం’ అను పథకము ద్వారా ప్రతి ఒక్క వయోధికునికి ఒక స్మార్ట్‌ఫోను ఉచితముగా అందజేయబడును. దినమునకు మూడు సందేశములు వచ్చును. సందేశము క్రింద ‘చూశాను’ అను మీట ఉండును. దానిని నొక్కిన మరుక్షణము తమరు సమాచార సంపన్నులుగా నమోదగుదురు.”

నొక్కడం ఎలాగో విభావరి గంటన్నర సేపు నేర్పింది. మధ్యలో ఏసుదాసు లేచి, చూపు లేనివారి సంగతి ఏమిటని అడిగాడు. కమిషనర్ గారు ఆ ప్రశ్నను ముందే ఆలోచించి ఉంచినట్టు చిరునవ్వు నవ్వారు. చూపు లేకపోవుట ఈ పథకమునకు అవరోధము కానేరదని, నొక్కుటకు వ్రేలు ఉన్న చాలునని సెలవిచ్చారు. చంద్రకాంతమ్మ వేలు ఆయనే స్వయంగా పట్టుకుని మొదటి మీట నొక్కించారు. ఆ చిత్రం మరునాడు రెండు జిల్లాల పత్రికలలోనూ వచ్చింది. ఏసుదాసు దాన్ని మాకు చదివి వినిపించాడు. మా మందిరంలో చదివిన చివరి కారుమూడి సంచికలలో అది ఒకటి.

పది రోజుల తరవాత పత్రికలు ఆగిపోయాయి. ఉత్తర్వు గోడకు అంటించారు. ఫోను ద్వారా సమాచారం పొందుతున్న వయోధికులు పత్రికల ద్వారా కూడా పొందినట్లయితే ఒకే సమాచారం ఒకే వ్యక్తిలో రెండు పర్యాయములు ప్రవేశించే ప్రమాదం ఉందని, దీనిని ‘ద్విసమాచార దోషము’గా పరిగణించి పత్రికల చందా తక్షణమే నిలుపుదల చేయడమైనదని అందులో ఉంది. నేను ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివాను. తద్వారా ఆ దోషానికి పాల్పడిన మొదటి వ్యక్తిని నేనే అయ్యాను.

కమిషనర్ గారిని కార్యాలయంలో కలిశాను. ఒక ఆడమనిషి తన అక్క చావు కబురు కోసం అవతలి జిల్లా పత్రిక మీద ఆధారపడి ఉందని, దానికి మీ ఫోనులో బదులు ఏమిటని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. పైగా సంతోషించారు.

“మేడమ్, పత్రిక అనునది మరణించిన వారి బంధువులు ప్రకటన ఇచ్చినప్పుడే స్పందించును. మా వ్యవస్థ ఎవరి దయాదాక్షిణ్యములపైన ఆధారపడదు. అన్ని పురపాలక సంఘముల జనన మరణ రిజిష్టరులతో అనుసంధానింపబడినది. ప్రతి వయోధికుడు పదిమంది ఆత్మీయుల పేర్లు నమోదు చేయించుకొనవలెను. వారిలో ఎవరికి ఏమి సంభవించినను గంటలో తెలియును.”

మంచి ఏర్పాటే. కొడుకులు ప్రకటన వేయించకపోయినా రిజిష్టరు అబద్ధం చెప్పదు. తిరిగి వచ్చి చంద్రకాంతమ్మకు నేనే నచ్చజెప్పాను. పేపరు కంటె ఇదే నయమని చెప్పాను. ఆ మాట నాదేనని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

ఆత్మీయుల పేర్లు రాసుకోవడానికి విభావరి వచ్చిన రోజు చంద్రకాంతమ్మ నాగేంద్రమ్మ పేరు చెప్పి ఊరుకుంది. ఇంకా తొమ్మిది కావాలన్నారు. ఇంకెవరూ లేరంది. పది గడులూ నిండితే తప్ప కంప్యూటరు తీసుకోదన్నారు. వీధిలో ఎవరైనా ఉంటారు కదా అన్నారు. “ఉంటారు తల్లీ, ఉండకేం. ఆత్మీయులంటే వాళ్లు గారు గదా,” అంది చంద్రకాంతమ్మ. విభావరి మంచి పిల్ల. ముసలామెను ఇబ్బంది పెట్టలేదు. మిగిలిన తొమ్మిది గడులలో తన పేరు, కుళాయిల తనిఖీదారు పేరు, దోమల మందు కొట్టే ఇద్దరి పేర్లు, జీపు డ్రైవరు పేరు, ఇంకా ఆనాడు హాజరులో ఉన్న నలుగురి పేర్లు నింపేసింది. ఆ విధంగా చంద్రకాంతమ్మకు ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిది మంది ఆత్మీయులు లభించారు.

జులైలో రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది వయోధికుల మానసిక ఉల్లాసం గురించి. మరణము, కాలధర్మము, దివంగతులు, అస్తమయము, అంత్యక్రియలు మొదలైన ముప్ఫై ఆరు మాటలను ‘ప్రతికూల పదజాలము’గా గుర్తించారు. వృద్ధులకు పంపే సందేశాలలో అవి కనిపించరాదు; తప్పనిసరి అయినచోట పేర్లు లేకుండా అట్టి మార్పును సంఖ్యారూపమున మాత్రమే సూచించవలెను. ఈ ఉత్తర్వు కూడా గోడ మీదే ఉంది. దీన్నీ నేను చదివాను. నవ్వుకున్నాను కూడా. ముప్ఫై ఆరు మాటలలో ‘వృద్ధులు’ ఎందుకు లేదని ఏసుదాసును అడిగాను.

రెండవ ఉత్తర్వు నవ్వుకోదగింది కాదు. రాష్ట్రంలోని పట్టణాలలో వృద్ధులు ఒకరితో ఒకరు ఎంతగా అనుసంధానమై ఉన్నారన్న లెక్కలో మా మందిరం అట్టడుగున ఉందట. ఎందుకంటే మేము ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటాము. నోటి మాట ఎక్కడా నమోదు కాదు. నమోదు కానిది జరిగినట్టు కాదు. కాబట్టి బెంచీలను ఒకదానికొకటి పన్నెండు అడుగుల దూరంలో, ముఖాలు గోడలవైపు ఉండేట్టు వేయించారు. పలకరించదలచుకున్నవారు ఫోను ద్వారా పలకరించుకోవాలి. బిగ్గరగా పత్రిక చదవడం ‘అనధికార ప్రసారము’. ఇక ముఖ్యమైన నియమం: ఉదయం తొమ్మిది గంటలలోగా నూటికి తొంభై మంది ‘చూశాను’ నొక్కని మందిరమును సమాచార వ్యతిరేక కేంద్రముగా ప్రకటించి తాళము వేయవలెను.

మేము వారం రోజులు గోడలవైపు తిరిగి కూర్చున్నాము. ఒక పెద్దమనిషి పన్నెండు అడుగుల అవతల ఉన్న స్నేహితుడికి శుభోదయం పంపి, అది చేరిందో లేదో తెలుసుకోవడానికి లేచి వెళ్లి భుజం తట్టి అడిగేవాడు. సగం మంది వేళ్లకు ఆ అద్దం పలికేది కాదు. జీవితమంతా పేడ పిసికిన చేతులు, నూలు వడికిన చేతులు, రెంచీలు తిప్పిన చేతులు. వాటికి రేఖలు అరిగిపోయాయి. తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా మందిరమంతా వేళ్లు తుడుచుకుంటూ, ఉమ్ము తడి చేసుకుంటూ అవస్థపడేది. రెండుసార్లు తొంభైకి రెండు తక్కువ పడి తాళం దాకా వచ్చింది.

ఉపాయం చెప్పింది ఏసుదాసే. బజారులో మన జిల్లా పత్రిక తాను కొని తెస్తానన్నాడు. మందిరం వెనకవైపు మెట్లు ఉన్నాయి. అక్కడ కూర్చుంటే ముందు గదిలోకి వినబడకుండా గొంతు తగ్గించి చదువుతానన్నాడు. ఫోనులన్నీ ఒక బుట్టలో పెట్టి ఎవరో ఒకరు లోపల కూర్చుని నొక్కుతుంటే సరిపోతుంది.

“ఎవరో ఒకరు అంటే, వేలు పలికేదీ చదువొచ్చిందీ టీచరమ్మ గారిదేగా,” అన్నాడు. “తమరు ఒక్క అరగంట కష్టపడితే మిగతావాళ్లం మనుషుల్లాగా కూర్చుంటాం.”

ఒప్పుకున్నాను. గర్వపడ్డాను కూడా. ఒక మూర్ఖపు నియమాన్ని దాని మాటలతోనే ఓడించడం కంటె ఉపాధ్యాయురాలికి కావలసినది ఏముంటుంది? మరునాటి నుంచి కూరగాయల బుట్టలో నలభై ఫోనులు, నా చేతిలో నాది. చివరికి ఎవరూ ఫోనులు ఇంటికి కూడా తీసుకువెళ్లడం మానేశారు. బుట్ట మందిరంలోని బీరువాలోనే ఉండేది, తాళంచెవి నా దగ్గర. ఉదయం నేను తీసి, వరుసగా పెట్టి, నొక్కి, మళ్లీ పెట్టేదాన్ని. వెనక మెట్ల మీద నుంచి ఏసుదాసు తగ్గించిన గొంతు నాకు స్పష్టంగా వినబడేది. అతడు తగ్గించానని అనుకుంటాడు, అంతే.

కారుమూడి సంచిక మాత్రం దొరకలేదు. దానికి ఫోను ఉంది కదా అనుకున్నాము. చంద్రకాంతమ్మ రోజూ మెట్ల మీదికి వెళ్లే ముందు నా బల్ల దగ్గర ఆగేది.

“టీచరమ్మా, నా దాంట్లో ఏమన్నా ఉందా?”

మొదటి నెల ఆమె ఫోను విడిగా తీసి మూడు సందేశాలూ చదివి చెప్పాను. రోజుకు ఎనిమిది గ్లాసుల నీరు త్రాగండి. మెట్లు ఎక్కునప్పుడు క్రింద చూడండి. చిరునవ్వు ఆరోగ్యమునకు మేలు. రెండవ నెలలో కనిపెట్టాను: నలభై ఒక్క ఫోనులకూ వచ్చేవి అవే మూడు. అప్పటి నుంచి నా ఫోను చదివి, మిగిలిన నలభై నొక్కేదాన్ని. “ఏమీ లేదు చంద్రకాంతమ్మా, నీళ్లు తాగమన్నారు,” అనేదాన్ని. “తాగుతున్నాలే,” అని ఆమె మెట్లవైపు నడిచేది.

నా వేగం బాగా పెరిగింది. అరగంట పట్టేది పన్నెండు నిమిషాలకు వచ్చింది. నవంబరు నాటికి ఏడు.

ఆ నెలలోనే చిననాగవరం నూరు శాతానికి చేరుకుంది. పథకం జాబితాలో పట్టణమంటే మా నలభై ఒక్క మందే. నూట పదహారు రోజులుగా ఒక్క వృద్ధుడు కూడా ఒక్క సందేశాన్నీ వదలలేదు. రాష్ట్రంలో ఎక్కడా లేదట. ‘శతశాతం సమాచార సంపన్న పట్టణం’ అని బిరుదు ఇచ్చారు. డిసెంబరు ఇరవై ఒకటిన పఠన మందిరం ముందు షామియానా వేసి సభ పెట్టారు. పై నుంచి ఎవరో పెద్ద అధికారి వచ్చారు. బెంచీలు ఆ ఒక్కరోజుకు మళ్లీ దగ్గరగా వేశారు. దూరంగా వేస్తే జనం పలచగా కనిపిస్తారని.

ఆదర్శ వయోధికురాలిగా చంద్రకాంతమ్మను ఎంపిక చేశారు. కారణం కమిషనర్ గారే వివరించారు. నలభై ఒక్క మందిలో సందేశం చేరిన తరవాత అతి తక్కువ వ్యవధిలో ‘చూశాను’ నొక్కినది ఆమేనట. నాకు కారణం వెంటనే అర్థమయింది. ఆమె ఫోను బుట్టలో అన్నిటికంటె పైన ఉండేది; రోజూ మొదట నొక్కేది అదే. ఇందులో నవ్వవలసింది ఏదో ఉందనిపించి ఏసుదాసువైపు చూశాను. అతడు అప్పటికే నవ్వు ఆపుకుంటున్నాడు.

ఇద్దరు ఉద్యోగులు ఆమెను చేయి పట్టి వేదిక ఎక్కించారు. శాలువా కప్పారు. ఆమె ఫోనును పళ్లెంలో పెట్టి ఆమెకే బహూకరించారు. పిమ్మట కమిషనర్ గారు ఆమె ప్రగతి నివేదికను సభికుల స్ఫూర్తి నిమిత్తం చదవనారంభించారు.

“మచ్చునకు డిసెంబరు తొమ్మిదవ తేదీని గైకొందము. ఉదయము ఎనిమిది గంటల పన్నెండు నిమిషములకు, ఎనిమిది గ్లాసుల నీరు త్రాగవలెనను సందేశము. చూశాను. పిదప నాలుగు సెకన్లకు, మీ ఆత్మీయుల సంఖ్య పది నుండి తొమ్మిదికి సవరించబడినది అను సందేశము. చూశాను. నాలుగు సెకన్లు. సభికులు గమనింపవలెను. యువతలో సైతము ఇంతటి వేగము అరుదు.”

పై అధికారి చప్పట్లు కొట్టారు కాబట్టి సిబ్బంది కొట్టారు. సిబ్బంది కొట్టారు కాబట్టి షామియానా కింద అందరూ కొట్టారు. నా చేతులు కూడా లేచాయి. అవి కలవక ముందే ఆగిపోయాయి.

ఆ నాలుగు సెకన్లు నావి.

చంద్రకాంతమ్మ శాలువా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. మైకు తన ముఖం దగ్గర ఉందని ఆమెకు తెలియదు.

“అయ్యా, ఆ రెండోది మళ్లీ ఒకసారి చదవండి.”

కమిషనర్ గారు సంతోషంగా మళ్లీ చదివారు.

“పదిలో ఒకరు తగ్గారనా?”

“తగ్గిరి అనరాదమ్మా. సవరించబడిరి.”

“నేను చెప్పింది ఒక్క పేరేనయ్యా. మా అక్కది. తతిమ్మా తొమ్మిది మీవాళ్లే రాసుకున్నారు. వాళ్లందరూ ఈడనే ఉన్నట్టున్నారు, ఇందాక చెయ్యి పట్టుకొని ఎక్కించారు.”

విభావరి కాగితాలలోకి చూసింది. ఆ తొమ్మిది పేర్లలో తన పేరు మొదటిదని ఆమెకు అప్పుడు గుర్తు వచ్చి ఉంటుంది.

“తొమ్మిదో తారీకున పోయిందన్నమాట,” అంది చంద్రకాంతమ్మ. వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. “పెద్దకర్మ కూడా మొన్ననే అయిపోయింది.”

కమిషనర్ గారు మంచివారు కాదనడానికి వీల్లేదు. ఆయన ముఖం నిజంగానే వాడింది. అయితే చేతిలో నివేదిక ఉంది, పక్కన పై అధికారి ఉన్నారు.

“వ్యవస్థ తన కర్తవ్యమును నెరవేర్చినదమ్మా. ఆసుపత్రిలో నమోదైన గంటలోపలనే తమకు తెలియజేసినది. తమరు చూసినట్లు ఇచ్చట స్పష్టముగా నమోదై ఉన్నది. చూశారు గదా?”

నేను లేచి నిలబడ్డాను. చూడలేదని, ఆమెకు చూపే లేదని, నలభై మంది తరఫున ఐదు నెలలుగా నొక్కుతున్న వేలు ఇదిగో ఇదని చెప్పడానికి లేచాను. చెబితే ఏమవుతుందో కూడా అదే క్షణంలో లెక్క వేసుకున్నాను: నూరు శాతం అబద్ధమని తేలుతుంది, మందిరానికి తాళం పడుతుంది, మెట్లూ పత్రికా పోతాయి. ఆ లెక్క పూర్తి చేయడానికి నాకు నాలుగు సెకన్ల కంటె ఎక్కువే పట్టింది.

బెంచీ కిర్రుమన్న చప్పుడు విని చంద్రకాంతమ్మ నావైపు తల తిప్పింది. లేచింది ఎవరో ఆమెకు తెలుసు. లేచినవాళ్లు నోరు తెరవక ముందే ఆమె మైకులోకి చెప్పింది:

“అవునయ్యా. చూశాను.”

ఈసారి చప్పట్లు ఎవరూ ప్రారంభించనవసరం లేకపోయింది. వాటంతట అవే మోగాయి. పై అధికారి ఆమె స్థిరచిత్తాన్ని కొనియాడారు. సమాచార సంపన్నత మనిషికి ఎంతటి నిబ్బరాన్ని ఇస్తుందో ఈ తల్లిని చూసి నేర్చుకోవాలన్నారు.

సభ ముగిశాక విభావరి ఏసుదాసుతో ఉన్న నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పది ఉండవలసినచోట తొమ్మిది ఉంటే చంద్రకాంతమ్మ అసంపూర్ణ వయోధికురాలి కింద లెక్కకు వస్తుందని, ఆమెకు ఆ అవమానం జరగకుండా ఖాళీని ఈ సాయంత్రమే భర్తీ చేస్తున్నారని చెప్పింది.

“సార్ తన పేరే ఇచ్చారండీ,” అంది మెల్లగా. “ఆయన కూడా బాధపడ్డారు.”

మరునాడు ఉదయం ఏడుంబావు బస్సులో చంద్రకాంతమ్మనూ నన్నూ ఏసుదాసు ఎక్కించాడు. తనూ వస్తానన్నాడు గాని, కారుమూడిలో మనుషులు ఎలా ఉంటారో, ముగ్గురు వెళితే గుంపుగా వచ్చారనుకుంటారని ఆమే వద్దంది. శ్మశానం ఎటువైపో కనుక్కుని, మట్టి తాకి వస్తామంది. వాళ్లలో పూడ్చడమే ఆచారం. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. శాలువా తేలేదు. ఫోను మాత్రం చేతి సంచిలో ఉంది. బహూకరించిన తరవాత బుట్టలో వేయడం ఇద్దరమూ మరిచిపోయాము.

కాలువ వంతెన దాటాక చెప్పాను. నొక్కింది నేను, చదవకుండా నొక్కాను అని చెప్పాను. క్షమించమనలేదు. ఆ మాటకు నాకు అర్హత ఉందనిపించలేదు.

“తెలుసులే,” అంది. “నేను మెట్ల మీద కూర్చొని కుళాయి నీళ్ల టయాలు వింటా ఉన్నా గదా ఆ పూట. నా తప్పు లేకుండా పోయిందా? ఆ రోజు నీ బల్ల కాడ ఆగలా. చలిగా ఉందని నేరుగా ఎండలోకి పొయ్యా.”

ఆమె ఆగి ఉంటే కూడా నేను చెప్పబోయే జవాబు నాకు తెలుసు. ఆ సంగతి కూడా చెప్పాను. బస్సు కారుమూడి పొలిమేర దగ్గర ఆగినప్పుడు సంచిలో ఫోను మోగింది. ఎనిమిది గంటలు. ఆమె తీసి నా చేతికి ఇచ్చింది.

“ఉన్నది ఉన్నట్టు చదువు.”

“మీ ఆత్మీయుల సంఖ్య తొమ్మిది నుండి పదికి సవరించబడినది.”

“ఎవరంట?”

“కమిషనర్ గారు.”

“మా అక్క జాగాలోనా?”

“అవును.”

కింద ఆ మీట వెలుగుతూ ఉంది. ఐదు నెలల అలవాటు కొద్దీ నా బొటనవేలు దాని మీదికి దానంతట అదే వెళ్లింది. ఆ సంగతి ఆమెకు ఎలా తెలిసిందో నాకు తెలియదు; చేయి చాచి, తడుముకుని, నా వేలు పట్టుకుంది.

“నొక్కమాకు టీచరమ్మా.”

నేను నొక్కలేదు. నా ఫోనులోనూ నొక్కలేదు. చిననాగవరంలో తాళం వేసిన బీరువాలో, బుట్ట నిండా మిగిలిన ముప్ఫై తొమ్మిది ఫోనులు ఒకదాని తరవాత ఒకటి మోగి ఊరుకుని ఉంటాయి. తొమ్మిది గంటలకు మేము నాగేంద్రమ్మ మట్టి దగ్గర ఉన్నాము. అదే తొమ్మిది గంటలకు శతశాతం సమాచార సంపన్న పట్టణం సున్నా శాతంగా నమోదైంది. ఆ వ్యవస్థ పెట్టిననాటి నుంచి అందులో నమోదైన మొదటి నిజం అది.